చంటి పేరు పక్కన రాసిన మాట

ఇంట్లో అందరూ ఆమెను చీటీల వదిన అంటారు. ఆసుపత్రి సరుకుల గదిలో ఇరవై రెండేళ్ల ఉద్యోగం. దూది దగ్గర్నుంచి దుప్పట్ల దాకా ఏది నిండుకున్నా ముందు ఆమెకే తెలియాలి. ప్రతిదీ చీటీ మీద రాసుకునే ఆ అలవాటు వంటింట్లోకీ వచ్చింది.

ఏటా పండగ సెలవులకు భర్త తరఫువాళ్లు పద్నాలుగు మంది ఆమె ఇంట్లోనే భోంచేస్తారు. వారం ముందే పాత క్యాలెండర్ కాగితం తిరగేసి ఒకవైపు మనుషుల పేర్లు, ఇంకోవైపు వంటలు రాసుకునేది. పేరు పక్కన తనకు మాత్రమే ఒక గుర్తు. మామగారికి పళ్లు లేవు, మాంసం మెత్తగా ఉడకాలి. మరిదికి ఉప్పు తక్కువ. మరిది కొడుకు బఠాణీలు ఏరి పారేస్తాడు. అదంతా చూసుకుని బజారు చీటీ వేరే రాసేది.

ఆ ఏడు పండగకు ముందురోజు ఆడపడుచు వచ్చింది. నలభై దాటినా అందరికీ ఆమె చంటే. భర్త పోయి ఆరేళ్లు. బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తూ ఇద్దరు పిల్లల్ని సాకుతోంది.

"బజారుకే వెళ్తున్నా వదినా. నీ చీటీ కూడా ఇటు పడెయ్యి."

వదిన చేతులనిండా పిండి. "బల్ల మీదుంది, తీసుకోవే."

చేతులు కడుక్కుని వచ్చి చూస్తే బల్ల బోసిగా ఉంది. బజారు చీటీని క్యాలెండర్ కాగితం మడతలోనే పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చంటి రెండూ పట్టుకెళ్లింది. ఆమె పేరు పక్కన రాసింది అక్షరం అక్షరం కళ్లముందు కదిలింది: "ఒక్కతే ముగ్గురి తిండి తింటుంది. ఖాళీ డబ్బాలతో వస్తుంది. మిఠాయి దాచాలి."

ఫోన్ తీసింది. ఏమని చెప్పాలి? చదవకు అంటే చదవమన్నట్టే. మళ్లీ పెట్టేసింది.

రెండు గంటల తర్వాత చంటి వచ్చింది. సంచులు దించింది. "పచ్చి బఠాణీలు దొరకలేదు, ఎండువి తెచ్చా. రాత్రికి నానబెట్టు." వదిన మొహం చూడకుండానే కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు చంటి డబ్బాల్లేకుండా వట్టి చేతులతో వచ్చింది. కంచంలో నాలుగు మెతుకులు, ఒక ముక్క. వదిన గరిటెతో వంగేసరికి కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు వదినా."

"ఒంట్లో బాగాలేదా తల్లీ?" మామగారు అడిగారు.

"లావైపోతున్నా నాన్నా." అందరూ నవ్వారు. వదిన గరిటె తిరిగి గిన్నెలో పెట్టేసింది.

అంట్లు తోమేటప్పుడు ఇద్దరే మిగిలారు.

"నా చెయ్యి పడిపోను, ఏం రాశానే చంటీ!"

"ఉన్నదేగా రాశావు." చంటి గిన్నె రుద్దడం ఆపలేదు. "పండగ పూట, ఆ మర్నాడు కూడా పొయ్యి వెలిగించక్కర్లేదని పిల్లలతో చెప్పేదాన్ని. డబ్బాలు నువ్వే నింపేదానివి కదా. మనసారా ఇస్తున్నావనుకున్నా."

ఒక్క మాట గట్టిగా అన్నా బాగుండేది. వదిన తలెత్తలేకపోయింది. మిగిలిన కూరలు కట్టి ఇవ్వబోతే చంటి వద్దంది.

ఆ వారమంతా సరుకుల గదిలో ఏ కాగితం మీద పేరు రాయాల్సొచ్చినా ఆమె చెయ్యి ఆగేది. ఆ తర్వాతి ఆదివారం చంటి ఇంటికి వెళ్లింది. ఏదైనా పట్టుకెళ్తే తప్పు కప్పిపుచ్చుకోడానికి తెచ్చినట్టుంటుందని ఏమీ తీసుకెళ్లలేదు.

చంటి గుమ్మంలో క్షణం నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది.

"భోజనం వేళకొచ్చావు. కూర్చో."

అన్నం, గుడ్ల కూర. పిల్లలతో పాటే ఆమెకూ వడ్డించింది.

"ఇంకొంచెం పెట్టనా?"

వద్దనబోయి, వదిన తలవంచుకునే కంచం ముందుకు జరిపింది.