గడ్డిని తట్టిన కట్టె

చెన్నూరు అవతల మా పాత బీడులో మొక్కలు నాటడానికి గుంతలు తవ్వుతున్నారు. ఈ ఉదయం ఆ మట్టికుప్పల పక్కన తెగిపడిన రూసగడ్డి కాడను వేళ్ల మధ్య నలిపితే, నిమ్మతొక్కా గులాబీ రేకులూ కలిపి నూరినట్టుండే వాసన వచ్చింది. వెంటనే పదేళ్ల వయసులో నా డైరీలో రాసుకున్న వాక్యం గుర్తుకొచ్చింది: 'కొమురయ్య తాత నిప్పు పెట్టిండు. నేను చూసిన.'

ఆ డైరీ క్రిస్మస్‌కు మా మిషన్ బడిలో ఇచ్చారు. అవ్వ చేసిన తీపి గర్జెలు ఒడిలో పోసుకుని, తలకంటే ఎత్తు పెరిగి ఎర్రబడిన గడ్డిలో దాగుడుమూతలాడుతూ, మోదుగు మొగ్గ తొడిగేదాకా బీడులోనే తిరిగేవాళ్లం. కాలు పెట్టినచోటల్లా పూరేడు పిట్టలు బుర్రున లేచి మమ్మల్ని జడిపించేవి. చలి తగ్గేసరికి ఏటా ఎక్కడో ఒకచోట గడ్డి కాలేది. ఇండ్ల కప్పులకని ఆ గడ్డిని వేలంలో పాడుకున్న బాపుకు అందరిమీదా అనుమానమే.

"ఎవడో కావాల్సుకొని పెడ్తుండు. ఎవలొస్తున్రో ఎవలు పోతున్రో అన్నీ రాయి బిడ్డా," అన్నాడు.

రాశాను. పుల్లలకు వచ్చినవాళ్లను, బీడీ తాగినవాళ్లను, ఊరికే నిలబడినవాళ్లను కూడా. చివరికి ఒక తెల్లవారుజామున, గడ్డిమీద మంచు ఇంకా ఆరకముందే, గొర్లు కాసే కొమురయ్య తాత కనిపించాడు. పొడుగు కట్టెతో గడ్డిని తట్టుకుంటూ, ఆగి వింటూ, మళ్లీ తట్టుకుంటూ ఒక చెక్క నేల చుట్టూ తిరిగి, అప్పుడు అగ్గిపుల్ల గీశాడు. మంట మోకాలెత్తు దాటలేదు. పచ్చి కొమ్మతో అంచులు ఆర్పుకుంటూ వెనకే నడిచాడు.

బాపు ఆ పేజీ నలుగురిలో చదివాడు. తాత దాచలేదు.

"నేనే పెట్టిన పటేలా. ఏడాదికో చెక్క కాలవెట్టకుంటె గడ్డి ముసల్దైతది, తుమ్మ లేస్తది."

"నీ గొర్లకు లేతగడ్డి కావాలె. గది చెప్పు ముందుగాల," అన్నాడు బాపు. అందరూ నవ్వారు.

అతణ్ని ఇక బీడులో అడుగు పెట్టొద్దన్నారు. మేత లేక తాత మందను తోలుకుని గోదావరి దాటిపోయాడు. పోయే పొద్దు మా గడప ముందు ఆగి, కోపం లేకుండానే అడిగాడు: "అన్ని రాసినవ్ బిడ్డా. కట్టెతోని ఎందుకు కొట్టిన్నో రాయలే?"

నేను అడగలేదు కాబట్టి రాయలేదు.

తర్వాత రెండేళ్లు నిప్పు లేదు. పాతగడ్డి బూడిదరంగుకు తిరిగి మీదపడటంతో కింది పిలకలు కుళ్లాయి, తుమ్మమొలకలు మోకాలెత్తు లేచాయి. మూడో ఎండాకాలం నట్టమధ్యాహ్నం ఎవరి బీడీ నిప్పో అంటుకుంది. ఆ మంట చెట్ల కొసలకెక్కింది. బాపు గడ్డి ఒక్క మోపు మిగల్లేదు. మరునాడు నల్లటి నేలమీద నడిచినప్పుడు, రెక్కలు పరిచి గూటిమీదే కాలిపోయిన పూరేడు కనిపించింది. తాత కట్టె దేనికో అప్పుడు తెలిసింది.

కాలిన చెక్కలన్నిటా తుమ్మే లేచింది. గుట్టవారన మిగిలిన ఈ కాస్త గడ్డిలోనే ఇప్పుడు గుంతలు. తవ్విస్తున్న కుర్ర ఆఫీసరు కుర్చీ వేయించి, "ఈడ ఏమున్నదమ్మా, ఒట్టి గడ్డే గదా. చెట్లొస్తే నీడైతది," అన్నాడు. మర్యాదస్తుడే. ఒట్టి గడ్డే అనే మాట వింటే మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే, ఎందుకంటే ఒకప్పుడు మా ఇంట్లోనూ దాన్ని కప్పుల గడ్డిగా తప్ప చూడలేదు.

కుర్చీలో కూర్చోలేదు. చేతికర్రతో గడ్డిని తట్టుకుంటూ, ఆగి వింటూ, ఆ చివరిదాకా నడిచాను. ఒక్క పిట్టా లేవలేదు. ఇంటికొచ్చి ఆ పాత వాక్యం కింద, కట్టెతో ఎందుకు కొట్టాడో రాశాను.