తాళాలాయన తలుపు తీయలేదు

మా పైవాటాలో ఉండే పెద్దాయనను వీధంతా తాళాలాయన అనే పిలుస్తుంది. ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ బజారు మలుపులో చిన్న బంకు పెట్టుకుని తాళంచెవులు చేశాడు. మతిమరుపు జబ్బు ముదిరాక బంకు మూతపడింది. ఆయన కూతురి దగ్గరకు చేరాడు.

కూతురు రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. ఒకసారి తండ్రి వీధిలోకి వెళ్లి తప్పిపోయేసరికి, బయటి నుంచి తలుపు తాళం వేసి పనికి వెళ్లడం మొదలుపెట్టింది. ఎవరికి తాళం వేస్తున్నానో ఆలోచించుకోవద్దూ! ఆమె వీధి మలుపు తిరిగేలోపే ఆయన తలుపు పక్క కిటికీలోంచి చెయ్యి చాపి, తలపిన్నుతో తాళం తీసి, గుమ్మంలో నిలబడి నన్ను పలకరించాడు. కొత్త తాళం బిగించింది. అదీ తీశాడు. పైగా బిగుతుగా ఉందని దానికి నూనె కూడా వేశాడు.

"నీ ఒక్కదానివల్ల కాదు. నాన్నను వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం," అన్నాడు ఆమె అన్న. చెడ్డవాడేం కాదు. ప్రతి ఆదివారం వచ్చి తండ్రికి గడ్డం గీసి వెళ్తాడు.

"ఆయన నన్ను గుర్తుపట్టని రోజున నువ్వు చెప్పినట్టే చేద్దాం అన్నయ్యా," అని మాటిచ్చింది. ఆ మాట ఇచ్చినందుకు నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఆమెకు ఒక ఉపాయం తట్టింది. "నాన్నా, ఇల్లు నీకు అప్పజెప్పి వెళ్తున్నా. నేనొచ్చేదాకా ఎవరికీ తలుపు తీయకు," అంది. ఆయన తాళం జోలికి పోలేదు. లోపల గడియ పెట్టుకుని బుద్ధిగా కూర్చునేవాడు. మధ్యాహ్నం నేను కిటికీలోంచి ఓ కన్నేసి వచ్చేదాన్ని.

మొన్న సాయంత్రం ఆమె వచ్చి తలుపు తట్టింది. కిటికీ తెరుచుకుంది.

"ఎవరమ్మా?"

"నేనే నాన్నా, తలుపు తీయి."

"కుదరదమ్మా. ఇది మా అమ్మాయి ఇల్లు. తనొచ్చేదాకా ఎవరికీ తీయొద్దంది."

"చెప్పింది నేనే కదా నాన్నా!"

"అందరూ అలాగే అంటారు. పాపం, మా పిల్ల పొద్దంతా కష్టపడి వస్తుంది. ఇంట్లో ఏదన్నా పోతే దానికి నా మొహం ఎలా చూపించను?" గొంతు తగ్గించాడు. "మంచిదానిలాగే ఉన్నావు. ఆ మెట్టు మీద కూర్చో, మంచినీళ్లిస్తా."

ఊచల మధ్య నుంచి గ్లాసు అందించాడు. ఆమె తాగలేదు. గ్లాసు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి? ఏం చేయాలో తోచక అన్నకు నేనే ఫోన్ చేశాను. ఆటో ఎక్కి ఉన్నపళంగా వచ్చాడు.

"గుర్తుపట్టలేదా?"

"లేదు."

"మరి మాటిచ్చావు కదే."

"ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. నా ఇల్లని నన్నే రానివ్వకుండా కాపలా కాస్తున్నాడు అన్నయ్యా! అలాంటి మనిషిని ఎక్కడికి పంపమంటావు?"

అన్న చెప్పులు విడిచి కిటికీ దగ్గరకు వెళ్లాడు.

"పెద్దాయనా," అన్నాడు కన్నతండ్రితో, "మీ అమ్మాయి వచ్చేదాకా మేమూ ఇక్కడే కూర్చుంటాం."