పెద్ద సిస్టరుగారి దాహం

మొన్న ఆదివారం సాయంత్రం మా మిషను గుడి స్త్రీల సమాజం వాళ్ళు అయిదుగురు మా ఇంటికి వచ్చేరు. కుర్చీలు వేసి, లోపలికెళ్ళి గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి తెచ్చేసరికి, అయిదుగురూ అయిదు సంచుల్లోంచి అయిదు సీసాలు తీసి బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. తెచ్చుకున్నామండీ, మీకెందుకండీ శ్రమ అన్నారు, ఎంతో మర్యాదగా. నా నోరు మంచిది కాదని అమలాపురంలో తెలియనివాళ్ళు తక్కువ. మా ఇంటి నీళ్ళు తాగితే పళ్ళూడతాయా అని అడిగేశాను. నవ్వేసి, కషాయం పుచ్చుకున్నట్టు తలో గుక్కా తాగేరు. వాళ్ళు వెళ్ళాక మిగిలిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పోస్తుంటే, ముప్ఫై ఏళ్ళ నాటి పెద్ద సిస్టరుగారు కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డారు.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి ఏడాది. ఇంట్లో కూర్చుని అందరితోనూ దెబ్బలాడుతున్నానని మా నాన్నగారు నన్ను తీసుకెళ్ళి రాజోలు వైపు కాలవగట్టు మీదున్న సిస్టర్ల ఆసుపత్రిలో అప్పగించేరు. ఆసుపత్రంటే పెద్దదేం కాదు, రెండు గదులూ ఒక పెంకుటి వరండా. మాది వేరే మిషను కాబట్టి మా నాయనమ్మ నాలుగు రోజులు మూతి ముడుచుకుంది. నా పనల్లా సిస్టర్లు ఇళ్ళకి కట్లు కట్టడానికి వెళ్ళినప్పుడు వెంట వెళ్ళి, వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పడం.

సిస్టర్లు ఇద్దరే. ఒకావిడ కేరళ నుంచి వచ్చిన నర్సు సిస్టరు. రెండో ఆవిడ పెద్ద సిస్టరుగారు, ఇటలీలో ఎక్కడో మంచు కొండల పల్లెలో పుట్టి, పాతికేళ్ళకి ఓడెక్కి వచ్చి, మన చెమటలోనూ దోమల్లోనూ నలభై ఏళ్ళు గడిపేసిన మనిషి. తెల్లవారుజామున నాలుగున్నరకి గంట కొట్టుకుని లేవడం, ప్రార్థన చేసుకోవడం, ఎవరి బట్టలు వాళ్ళు నూతి దగ్గర ఉతుక్కోవడం, ఊరగాయ నంజుకుంటూ గంజి తాగి ఏడింటికల్లా వరండాలో పుళ్ళు కడగడం, మధ్యాహ్నం సంచీ తగిలించుకుని గొడుగేసుకుని ఊరవతల పేటల వెంట తిరగడం, రాత్రి భోజనమయ్యాక మళ్ళీ తెల్లవారేదాకా నోరు మెదపకపోవడం, ఇదీ వాళ్ళ రోజు. ఆ చివరిది చూసి మా నాన్నగారు ఆ ఒక్కటి మా అమ్మాయికి నేర్పండి చాలు అనేవారు.

పెద్ద సిస్టరుగారు పాత పుస్తకాల్లోంచి తెలుగు నేర్చుకున్నారు. కాలవ దాటించే పంటు నడిపే అతన్ని "అయ్యా, ఎప్పుడు బయలుదేరుదువు?" అని అడిగితే, అతను కూడా చేతులు కట్టుకుని "ఇప్పుడే బయలుదేరుదునండి" అనేవాడు. వెక్కిరింతని ఆవిడకి తెలుసు. తెలిసీ నవ్వేవారు.

వాళ్ళకో నియమం ఉండేది. బయట ఎవరింటా పచ్చి మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదు. పూర్వం వాళ్ళ సిస్టరొకావిడ ఏదో ఊళ్ళో నీళ్ళు తాగి వాంతులూ విరేచనాలతో పోయిందట. పైగా లేనివాళ్ళ ఇంట్లో ఒక ముద్ద తింటే పిల్లలకి ఒక ముద్ద తగ్గుతుందని. నాక్కూడా న్యాయంగానే తోచింది, అంచేత సిస్టర్లతో తిరిగినంతసేపూ నేనూ పాటించేదాన్ని. ఉద్యోగం కొత్త కదండీ, మహా నిష్ఠ.

ఆ ఏడు వేసవిలో, అక్కడి పేటలోనే ఉండే మా మేనత్త కొబ్బరికాయలు ఒలిచే గునపం మొన మీద కాలేసింది. భర్త లేని మనిషి, పిల్లల్లేరు, ఆ గునపమే ఆవిడకి కూడు. ఒంట్లో చక్కెర ఉంది కాబట్టి పుండు మానకపోగా నల్లబడింది. రోజూ శుభ్రం చేసి కట్టు కట్టకపోతే కాలు తీసెయ్యాల్సొస్తుందని సిస్టరుగారు నాతో చెప్పేరు. నేను మా అత్తతో చెప్పేను. ఆవిడ ఆయ్ అంది.

మొదటి రోజు కట్టు కట్టడం అవగానే, మా అత్త కుంటుకుంటూ లోపలికెళ్ళి, ఉన్న ఒక్క స్టీలు గ్లాసూ బూడిదేసి తోమి, కొబ్బరినీళ్ళు పోసి తెచ్చింది. సిస్టరుగారు చెయ్యి అడ్డంపెట్టి నవ్వుతూ తల అడ్డంగా ఊపేరు. సిస్టరుగారు బయట ఏమీ పుచ్చుకోరత్తా అన్నాను నేను. ఆవిడ ఆ గ్లాసు నా వైపు తిప్పింది. నేను కూడా ఇప్పుడొద్దులే అన్నాను. నా మేనత్త ఇంట్లో, నేను పాకిన గుమ్మంలో. గ్లాసు గూట్లో పెట్టేసి, నా మొహం కూడా చూడకుండా అంది.

"ఆవిడంటే దొరసాని. నీకేమొచ్చిందే?"

మర్నాడు వెళితే తడిక వేసుంది. లోపలే ఉంది, దగ్గు వినిపిస్తోంది. పుండు మానిపోయింది పొమ్మంది. ఆ మర్నాడూ అంతే. మా కాలం వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. మా అత్త చిన్నప్పట్నుంచీ ఆసాముల పెరళ్ళలో కొబ్బరికాయలు ఒలిచిన మనిషి. దాహమేస్తే గుమ్మం అవతల ఒంగి దోసిలి పట్టాలి, పైనుంచి ఆ ఇల్లాలు చెంబుతో పొయ్యాలి. మన ఇంట్లో ఏమీ పుచ్చుకోరు అంటే ఆవిడకి ఒక్కటే అర్థం. అది దేవుడి పేరు చెప్పుకునే మనిషి నుంచీ, చదువుకున్న మేనకోడలి నుంచీ కూడా వచ్చేసరికి, కాలు పోతే పోనీ అనుకుంది.

నేను తిన్నగా వెళ్ళి పెద్ద సిస్టరుగారితో దెబ్బలాడేను. నలభై ఏళ్ళున్నారు, ఇక్కడ ఎవరు ఎవరింట్లో ఎందుకు తాగరో తెలుసుకోలేదా అన్నాను. ఆవిడ నియమం అన్నారు, పోయిన సిస్టరుగారి సంగతి చెప్పేరు. నేను ఊరుకుంటానా? బావిగట్టున కూర్చుని, ముట్టుకోకూడని జాతి ఆడమనిషిని నోరు తెరిచి నీళ్ళడిగిన ఆ ప్రభువునే కదా మీరు నాలుగున్నరకి లేచి కొలుస్తున్నది అన్నాను. నర్సు సిస్టరు చేతిలో దూది పడేసింది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆవిడ సంచీ తగిలించుకుని బయలుదేరేరు. రోహిణి ఎండ. ఈసారి గొడుగు కూడా తేలేదు. తడిక ఇంకా వేసే ఉంది. పుండు మాట ఎత్తలేదు, సంచీ తెరవలేదు. వేడెక్కిన అరుగు మీద కూర్చుని, ఆ పుస్తకాల తెలుగులోనే పిలిచేరు.

"అమ్మా, దప్పికగా ఉన్నది. కొంచెము నీళ్ళు ఇచ్చెదవా?"

లోపల్నించి ఆ నల్లబడ్డ కాలు వాసన మట్టుకు వస్తోంది. తరవాత గ్లాసు తోముతున్న చప్పుడైంది. తడిక తీసుకుని మా అత్త ఒక చేత్తో చెంబూ, రెండో చేత్తో గ్లాసూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అప్పుడు జరిగింది ఈనాటికీ నా కళ్ళల్లో ఉంది. సిస్టరుగారు చెంబు చూడగానే అరుగు దిగి, కొంచెం ఒంగి, రెండు చేతులూ దోసిలి పట్టేరు. ఆసాముల గుమ్మాల ముందు మావాళ్ళు అలా తాగడం నలభై ఏళ్ళుగా చూసి, ఈ దేశంలో నీళ్ళడిగే మర్యాద అదే అనుకున్నారు పాపం! చూస్తూనే ఉన్నారు, అర్థం మట్టుకు తెలియలేదు.

మా అత్త కొయ్యబారిపోయింది. ఒక్క క్షణం ఆవిడ చేతిలో చెంబు వంగుతుందేమో అని నాకు భయమేసింది. వంగితే తప్పు పట్టేదాన్ని కూడా కాదు. కానీ చెంబు కింద పెట్టేసి, గ్లాసు నింపి, ఆ దోసిట్లో పెట్టి, వేళ్ళు దగ్గరికి మూసింది.

"మా ఇంట్లో అలా పట్టక్కర్లేదండి. ఇదిగోండి, గ్లాసుందండి మాకు. కూర్చుని తాగండి."

సిస్టరుగారు కూర్చుని, కళ్ళు మూసుకుని, చుక్క మిగల్చకుండా తాగేరు. అప్పుడు మా అత్త కాలు చాపి ఆవిడ ముందు పెట్టింది. పెట్టి, నా వైపు చూసి, "నీకూ పొయ్యనా మహాతల్లీ, పెద్ద డాక్టరమ్మ అయిపోయావా?" అంది. రెండు గ్లాసులు తాగేను. ఏడుపాపుకోవడానికి ఒకటి చాల్లేదు.

సిస్టరుగారు ఆ తరవాత మూడు రోజులు కడుపు నొప్పితో పడుకున్నారు. నర్సు సిస్టరు నన్ను మలయాళంలో ఏమేమి తిట్టిందో, నాకు ఆ భాష రాకపోవడమే మంచిదైంది. నాలుగో రోజునుంచి పెద్ద సిస్టరుగారు ఏ ఇంటికెళ్ళినా సంచీ విప్పకముందే మంచినీళ్ళడిగేవారు. మా అత్తకి రెండు వేళ్ళు పోయాయి, కాలు నిలిచింది. ఆ కాలితోనే పదకొండేళ్ళు నడిచింది.

సిస్టరుగారు వయసు మీదపడి వాళ్ళ దేశం వెళ్ళిపోయి, అక్కడే పోయారని తరవాతెప్పుడో తెలిసింది. మంచు పడే ఊళ్ళో పడుకున్న ఆవిడకి మా అరుగు మీది ఎండ గుర్తొచ్చేదో లేదో. ఆసుపత్రికి తాళం పడింది. ఎంతమందితో దెబ్బలాడేనో లెక్కలేదు గానీ, నేను తిట్టింది మనసుకి పట్టించుకుని మర్నాడు మారి చూపించినవాళ్ళు ఆవిడొక్కరే. నన్ను మనిషిని చేసింది నా డిగ్రీ కాదు, అది.

ఇప్పుడు గుమ్మం ముందు దోసిలి పట్టేవాళ్ళు లేరు, సంతోషం. కానీ ఎవరి సీసా వాళ్ళదయ్యాక, ఎవరు ఎవరింట్లో తాగరో కనిపెట్టే దారి కూడా లేదు. మొన్న వచ్చిన అయిదుగురూ మంచివాళ్ళే కావచ్చు, నీళ్ళకి భయపడేవాళ్ళే కావచ్చు. నేనెవరింటికైనా వెళ్ళేటప్పుడు మట్టుకు సీసా తీసుకెళ్ళను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, దాహమున్నా లేకపోయినా, కాసిని మంచినీళ్ళిస్తారా అండీ అని అడుగుతాను. లోపల గ్లాసు తోముతున్న చప్పుడు కోసం చెవి ఒగ్గి వింటాను. ఈమధ్య ఆ చప్పుడు రావడం లేదు. ఫ్రిజ్జు తలుపు తీసి, మూత తియ్యని సీసా తెచ్చి చేతిలో పెడుతున్నారు.