గార్డు పెట్టె

మా అత్త గంగాభవాని రైలు డ్రైవరు పెళ్ళాం. పిల్లలకి అన్నం పెడితే ఒక్కో ముద్దా ఒక్కో రైలుపెట్టె. మొహం తిప్పేసినా వదలదు. "గార్డు పెట్టె ఎక్కకుండా బండెలాగ కదుల్తాదిరా?" అంటూ ఆఖరి ముద్ద నోట్లో కుక్కేస్తుంది. మా ఆయన హరిబాబు అలాగే పెరిగాడు. అంతా ముద్దల తప్పే అనను గానీ, కడుపు నిండిందని ఆయనకి ఈనాటికీ తెలీదు. కంచం ఖాళీ అయితేనే లేస్తాడు. నలభై రాకుండానే నూట పద్దెనిమిది కిలోలు, షుగరు.

మొన్న టీకాలెయ్యడానికొచ్చిన నర్సు దీదీ మా పాప పూజని చూసి, "మొహం తిప్పితే కడుపు నిండినట్టే. బలవంతంగా పెడితే ఆ తెలివి పోతుంది, పెద్దయ్యాక ఒళ్ళొచ్చే ముప్పుంది" అంది.

"నాను పిల్లల్ని పెంచనేదేటి?" అని అత్త కసిరింది.

మావయ్య దేముడు మెల్లగా అన్నాడు. "ముప్పయ్యేళ్ళు బండి తోలినాను. ఎర్ర సిగ్నలు ఒక్కటీ దాటనేదు. నువ్వెన్ని దాటినావే?"

ఆ సాయంత్రం పూజ మొహం తిప్పింది. అత్త చెయ్యి ఆగింది. ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేసింది.

అప్పుడే మెట్లెక్కి ఆయాసపడుతూ హరిబాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ ముద్ద పారెయ్యకమ్మా, ఇలా తే" అని చెయ్యి చాపాడు.