గంగులు ముడుల తాడు

గంగులుకి అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు, పడవల మీద రాసుంటాయి కాబట్టి. డెబ్బై దాటినా పొద్దున్నే లేచి, కళ్ళు సరిగ్గా తెరవక ముందే వేళ్ళ కణుపులు లెక్కపెట్టి ఆ రోజు తిథి చెబుతాడు. తిథి తెలిస్తే నీళ్ళ జోరు తెలుస్తుంది, నీళ్ళ జోరు తెలిస్తే వల ఎక్కడ వేయాలో తెలుస్తుంది. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డునున్న వాళ్ళ ఊరి పడవలు ఒకప్పుడు ఆయన మాట వినకుండా కదిలేవి కావు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు. అయినా ఆయన చెప్పడం మానలేదు, పెళ్ళాం కూర్మమ్మ తిట్టడం మానలేదు.

"నేడు బహుళ ఏకాదశి," అన్నాడు ఆ రోజు కూడా.

"సెప్పినావు గానీ ముందు మొకం కడుగు. సముద్రం నీ మాట కోసం కాసుకొని కూసోలేదు," అంది కూర్మమ్మ.

నిజానికి ఆ రోజు ఆమెకి తిట్టడానికి కూడా తీరిక లేదు. ఇంటరు పాసైన మనవరాలు గౌరి, తనకు ఏ నర్సింగు కాలేజీ కావాలో కంప్యూటర్లో పెట్టాల్సిన ఆఖరి రోజు అది. సాయంత్రం ఐదు దాటితే సీటు గోవిందా. ఫోనులో ఆ పేజీ సగమే కనిపిస్తోంది. విజయనగరం వెళ్ళి నెట్ సెంటర్లో పెడదామంటే ఆ రోజే బంద్. బస్సు లేదు, ఆటో లేదు.

ఇంట్లో లాప్‌టాప్ ఉంది. గంగులు కొడుకు వెంకీ, అంటే గౌరి తండ్రి, ఎవరో వాడుకుని వదిలేసిన పాతదాన్ని కొని తెచ్చాడు, పిల్ల చదువుకని ఇంటికి నెట్ కూడా పెట్టించాడు. ఇప్పుడు వేటకు పోయి ఉన్నాడు. కానీ ఆ లాప్‌టాప్ మూడు నెలలుగా ఇనప పెట్టెలో పడుంది. పరీక్షలప్పుడు పిల్ల సినిమాలు చూస్తుందని లోపల పెట్టి తాళం వేసింది కూర్మమ్మే. ఇప్పుడు తీస్తే వెలిగింది గానీ, నెట్ రాలేదు.

గంగులు చెల్లెలి కొడుకు నాగబాబుకి సెల్ ఫోన్లు బాగుచేసే షాపుంది. బంద్ కదా అని ఇంట్లోనే ఉంటే గౌరి పిలుచుకొచ్చింది. అతను వైఫై పెట్టెను ఆపి మళ్ళీ వెలిగించాడు. పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టాడు. లాప్‌టాప్‌ను తీసుకెళ్ళి పెట్టె పక్కనే పెట్టాడు. చివరికి తీగ తెచ్చి నేరుగా గుచ్చాడు. ఏ పేజీ తెరిచినా ఒకటే మాట.

"ఈ సైటుని నమ్మలేమంట మావా," అంది గౌరి. అప్పటికి మూడున్నర.

"అత్తా, దీన్ని ఎండుసేప అనుకున్నావేటి, పెట్లో ఊరబెట్టినావు?" అన్నాడు నాగబాబు.

"నోరు ముయ్యరా. అంగడి పెట్టి పదేళ్ళయినాది, ఒక్క పెట్టికి పేనం పొయ్యలేవు!" అంది కూర్మమ్మ. అరిచింది గానీ లోపల ఒకటే భయం. తన చేత్తో వేసిన తాళమే పిల్ల సీటుకి పడిందేమో.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న గంగులు తల ఎత్తకుండానే అడిగాడు.

"దానికి నేడేటో తెలుసునేటి?"

"ఏటి మావా?" అన్నాడు నాగబాబు.

"మూడు నెల్లు సీకట్లో ఉన్నాది గదరా. రోజు లెక్క తప్పిపోనాదేటో అని అడుగుతన్నాను."

"ఓలమ్మో! పిల్ల సీటు పోతంటే దీనికీ తిథి సెప్తావేటయ్యా..." అంటూనే కూర్మమ్మ ఆగిపోయింది. ఆమె చూపు గోడ మేకుకి వేలాడుతున్న పాత తాడు మీద పడింది.

ముప్పయ్యేళ్ళ కిందట గంగులు పడవ తెరచాప చిరిగి, తొమ్మిది రోజులు ముసురులో కొట్టుకుపోయింది. పొద్దు లేదు, చుక్క లేదు. తెల్లారిందనిపించినప్పుడల్లా ఆయన ఆ తాడుకి ఒక ముడి వేశాడు. ఒడిశా ఒడ్డున పడ్డాక, మంచినీళ్ళు తెచ్చినవాళ్ళని ముందు నీళ్ళు అడగలేదట. "నేడు దశమే కదేటి?" అని అడిగాడట. దశమే. ఆ సంగతి ఎవరు చెప్పినా కూర్మమ్మ "అవును, దాహం కన్నా దశమే ఎక్కువ ఈయనకి" అని ఎగతాళి చేసేది.

ఇంతలో గౌరి తాత మాటకి నవ్వుతూ తెర మూలకి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మామ్మా... జనవరి ఒకటి అని ఉన్నాది. రెండు వేల తొమ్మిది!"

గంగులు లేచొచ్చి, వంగి, అంకెలు ఒక్కొక్కటే చదువుకున్నాడు. "ఇది రెండు వేల పదహారు గదా, ఏడేళ్ళు ఎనకబడిపోనాది పాపం," అన్నాడు, తప్పిపోయిన పిల్లని చూసినట్టు.

నాగబాబు నుదురు కొట్టుకున్నాడు. "నెట్లో పెతీ సైటుకీ ఒక గుర్తింపు కాయితం ఉంటాది మావా, పలానా రోజు నుంచి పలానా రోజు దాకా సెల్లుతాదని. దీని లెక్కన ఆ కాయితాలేవీ ఇంకా పుట్టనేలేదు. అందుకే ఎవల్నీ నమ్మట్లేదు."

తారీకు సరిచేశాడు. పేజీ తెరుచుకుంది, కెరటం విరిగి పడవకి దారి ఇచ్చినట్టు. గౌరి వేళ్ళు గబగబా కదిలాయి. నాలుగూ నలభైకి ఫోనుకి మెసేజ్ వచ్చింది. అన్నీ చేరాయి.

కూర్మమ్మ మళ్ళీ గోడ మీది తాడు వైపు చూసింది. లోకమంతా తిరిగొచ్చే పెట్టె, రోజు తెలియక గడప దాటలేకపోయింది. గడప దగ్గర కూర్చునే ముసలాయన, తొమ్మిది రోజుల చీకటిలో ఒక్క రోజు తప్పలేదు.

లోపల రోజు లెక్క గుర్తుంచే చిన్న బ్యాటరీ చచ్చిపోయిందనీ, అది మార్చేదాకా ఛార్జింగ్ పూర్తిగా అయిపోయినప్పుడల్లా రోజు మరిచిపోతుందనీ నాగబాబు చెప్పాడు. అమావాస్య నాడు కొత్తది తెచ్చి వేసి, పాతది కూర్మమ్మ చేతిలో పెట్టాడు. చింతపిక్కంత ఉంది.

"ఇంతేనా?" అంది ఆమె. చాలాసేపు అరచేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు తెల్లవారుజామున గంగులు ఇంకా కణుపులు లెక్కపెట్టకముందే, పెళ్ళయ్యాక మొదటిసారి, ఆమే అడిగింది.

"నేడేటయ్యా?"

గంగులు కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు.

"ఆషాఢం వొచ్చినాది. పాడ్యమి," అన్నాడు. "నీళ్ళు జోరుగుంటాయి. యేటకెళ్ళిన ఎంకీగాణ్ణి బేగి వొచ్చేమని సెప్పు."

ఆమె ఎదురు మాట్లాడకుండా ఫోను తీసింది.