మోడు కొట్టొద్దన్న మాట

మా ఆయన పేరు సింహాచలం. జీడితోటలో ఉంటే అన్నం వేళ మరిచిపోయేవారు. మందస దగ్గర మా ఊరు. మా అత్త ఇసుకలో పిక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచిన తోట అది. నేను కాపురానికి వచ్చేసరికి చెట్లు ఒకదాన్నొకటి కమ్ముకొని, మిట్టమధ్యాహ్నం కూడా కింద చీకటిగా ఉండేది. గట్టు మీద అడవితీగ ఉండేది గానీ, ఎండ తగలక లేవలేకపోయేది.

తిత్లీ తుఫాను తోటని పడగొట్టేసింది. అత్త నాటిన వాటిలో ఒక్క చెట్టు నిలబడింది. దాని పక్కన తల విరిగిన మోడు ఒకటి. మిగతాదంతా ఆకాశమే. ఆ వెలుతురుకి తీగ గట్టు దిగింది. నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు వేసింది. ముందు మోడెక్కింది, అక్కణ్నుంచి బతికున్న చెట్టు మీదికి పాకింది. కొన్నేళ్లకి తాడులాంటి తీగ మణికట్టంత లావై మాను కట్టింది.

కింద పాకే తీగని ఆయన కోసేవారు. కోసిన తీగ పారేయడం ఇష్టం లేక, దాంతోనే కొత్తగా నాటిన జీడిమొక్కల చుట్టూ ముళ్లకంచె బిగించి కట్టారు. వానలు పడ్డాక చూస్తే కంచె నిండా తీగ చిగుళ్లు.

"మావా, కంచి కట్టినావా, తీగకి పందిరేసినావా?" అన్నాను.

"నవ్వుకోయే, నవ్వుకో. ఆ పందిరికి బీరకాయలు కాత్తే నీకే కూర" అన్నారు.

నవ్వారు గానీ, ఆ తర్వాత కత్తి ముట్టలేదు. గొంతుక్కూర్చుని వేళ్లతో సహా పీకేవారు.

అంతలో ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా వీధికి అది కొత్త జబ్బు కాదు. పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకొని వచ్చి మంచం మీద వాలిపోయేవారు. అడిగేది మాత్రం తోట గురించే.

"ఆ మోడు ఎవుల్నీ కొట్టనీకే. తీగ రొండిటినీ కలిపి కట్టేసినాది. మోడు పడితే మా అమ్మ సెట్టుని కూడా లాక్కుపోద్ది. ముందు పైనున్న తీగ తెంపాల. నాను లేసినాక సేత్తాను."

లేవలేదు. జీడి పూత మీద ఉండగా పోయారు.

మా ఇంట్లో ఎవరు పోయినా చితికి సొంత తోట కట్టె ఒకటైనా పెడతారు. మరిది కామేశ్ గొడ్డలి పట్టుకొని నలుగురితో బయల్దేరాడు. నన్ను ఆయన పక్క నుంచి లేవనివ్వలేదు. ఆడపడుచు రాజకుమారి చేయి పట్టుకున్నాను.

"మోడు కొట్టొద్దని సెప్పమ్మా. తీగుంది."

"ఊరుకో ఒదినా. ఎండిపోయిన మోడు గురించి ఇప్పుడేటి?" అని నా తల గుండెకి అదుముకుంది. ఏడుపులో ఏదో అంటున్నాననుకుంది.

తోట ఇంటి వెనకే. మోడు పడిన చప్పుడు విన్నాను. వెంటనే దానికంటే పెద్దది ఇంకొకటి.

కామేశ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా నిండా జీడిపూత.

"ఒదినా... అమ్మ సెట్టు కూడా... మొదలు కాడికి విరిగిపోనాది."

రెండు చెట్ల కట్టె ఆయనతో వెళ్లింది. పచ్చికట్టె అంటుకోవడానికి చాలాసేపు పట్టిందట.

వానలకి ఆ మొదలు చిగిర్చింది. ఎర్రటి లేత జీడాకు. దాని చుట్టూ అప్పుడే తీగ కూడా. కామేశ్ కత్తి తెచ్చాడు.

"కోత్తే సావదు. మీ అన్న పీకీవోరు" అన్నాను.

కత్తి పక్కన పెట్టి నాతో పాటు కూర్చున్నాడు. చిగురుకి దెబ్బ తగలకుండా వేలితో తడిమి తడిమి పీకుతున్నాం.

"ఇది జీడా, తీగా ఒదినా?" అని మధ్య మధ్య అడుగుతాడు. ఆయనుంటే గట్టు మీది నుంచే చెప్పేవారు.