బుల్లెట్ బండి దిగిన నా కథానాయకుడు

ఆ రోజుల్లో భూమిని కాపాడడం, ప్రేమించడం రెండూ ఒకటే పని అనుకునేదాన్ని. ఇరవై ఏళ్ల వయసులో అలా అనుకోవడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. కోయంబత్తూరులో మా కాలేజీ వాతావరణ సంఘాన్ని నడిపే అబ్బాయి మాట్లాడుతుంటే ఒకసారి చూస్తే చాలు. మాట్లాడేటప్పుడు అతని చేతులు రెండూ గిరగిరా తిరిగేవి గనక అందరూ అతన్ని గాలిమర అని పిలిచేవాళ్లు. (పల్లడం దారిలో నిజం గాలిమరలు బోలెడున్నాయి, వాటికి కూడా అంత ఊపు లేదు.) ఎక్కడో మంచుకొండలు కరిగిపోతున్నాయని అతను చెబుతుంటే, ముందు వరసలో కూర్చుని నేనూ కరిగిపోయేదాన్ని.

ఒకరోజు అతను, మనం ఇంగ్లీషులో ఒకరికొకరం చెప్పుకుంటే ఊళ్లలో ఎవరు వింటారు, ఎవరింటి భాషలో వాళ్లు ఏదైనా రాయాలి అన్నాడు. మీ ఇంట్లో ఏ భాష అని నన్ను తమిళంలో అడిగాడు. తెలుగు, ఎన్ని తరాల కిందటో వచ్చి అన్నూరు పక్కన సేద్యం చేసుకుంటున్నవాళ్లం అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. నేను తెలుగులో ఒక నవల రాస్తున్నాను, మొత్తం కవితల్లోనే, వాన కోసం పోరాడే ఇద్దరి ప్రేమకథ అని నోరు జారాను. అప్పటికి ఒక్క ముక్క రాసిందీ లేదు, రాయడానికి నాకు తెలుగు అక్షరాలు వచ్చిందీ లేదు, చదివిందంతా తమిళంలోనే. అతను సంబరపడిపోయి, నెలాఖరుకి మా ఊళ్లోనే సభ పెట్టి అది చదివిద్దామని అక్కడికక్కడే అందరికీ చెప్పేశాడు.

ఇక గత్యంతరం లేక తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాను. మాటలు చాలకపోతే మా అవ్వ దగ్గరికి వెళ్లేదాన్ని. చెనక్కాయలు వలుస్తున్న అవ్వని, వాతావరణం మారిపోవడాన్ని మనింట్లో ఏమంటామని అడిగితే, ఏమాత్రం ఆలోచించకుండా "కాలం తప్పిందంటాం" అంది. నేను కాలేజీలో విన్న ఉపన్యాసాలన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి. ఆ ఉత్సాహంలో ప్రేమని ఏమంటామని కూడా అడిగాను.

"ఇష్టమంటాం. అది కూడా దోసెకే అంటాం," అని, కాయలు పక్కన పెట్టి, "ఎవురు పాపా ఆ పిలగాడు?" అంది.

అది నవల కోసమని చెప్పాను. తనూ నవల కోసమే అడిగానంది అవ్వ.

నా నవల్లో వెన్నెల అనే అమ్మాయి ఉంది. ఊరి కుంటని పూడ్చడానికి లారీలు మట్టి తెస్తే, ఒక యువకుడు బుల్లెట్ బండి మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి, లారీలకి అడ్డం నిలబడి, రెండు చేతులూ గిరగిరా తిప్పుతూ ప్రసంగిస్తాడు. చివర్లో అతను వెన్నెల చెయ్యి పట్టుకోగానే కుండపోతగా వాన. (అప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.)

సభ మా చిన్నాయన మగ్గాల షెడ్డు ముందు, సాయంత్రం పూట. ఊరి ఆడవాళ్లందరూ వచ్చారు. నాయన చేతులు కట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. సంఘం స్నేహితులతో వచ్చిన గాలిమరకి తెలుగు రాదు గనక చిన్నాయన కూతురు పక్కన కూర్చుని తమిళంలో చెబుతోంది. నేను మొదలుపెట్టిన కాసేపటికే చిక్కొచ్చి పడింది. తమిళ లిపిలో 'బాధ' అని రాసినా 'పాత' అని రాసినా అవే అక్షరాలు. 'నా గుండెలో ఏదో కొత్త బాధ' అని చదవాల్సింది, కంగారులో 'నా గుండెలో ఏదో కొత్త పాత' అని చదివాను. నవ్వులు ఆగాక ముందుకి సాగి, కథానాయకుడు చేతులు తిప్పే చోటికి వచ్చాను. సరిగ్గా అప్పుడే గాలిమర తన స్నేహితుడికి ఏదో వివరిస్తూ చేతులు తిప్పుతున్నాడు. ఆడవాళ్ల తలలన్నీ ఒక్కసారిగా నా మీంచి అతని మీదికి మళ్లాయి. ఆఖర్న నాయన తల కూడా అటు తిరిగింది. మిగతాదంతా తల ఎత్తకుండా గబగబా చదివేశాను.

చదవడం అయిపోయాక, లారీల గురించి ఒక్కరూ అడగలేదు. ఆ అబ్బాయి ఎవరింటివాడు, పొలముందా, బోరులో నీళ్లున్నాయా అని అడిగారు. నీళ్ల సంగతి నేను రాయలేదన్నాను.

వెనక నుంచి మా పెద్దమ్మ లేచింది. "అదే కదా పాపా రాయాల్సింది," అంది. "మా వాడికి చూసిన పిల్ల తరపోళ్లు మా ఇంటికే రాలే. నేరుగా బాయికాడికి పోయినారు, లోపలికి తొంగి చూసినారు, అట్నే బస్సెక్కి పోయినారు."

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి బోరు ఎండిపోయాక ఏ సంబంధం తప్పిపోయిందో, ఎవరి కొడుకు పొలం వదిలేసి మిల్లుకి పోతున్నాడో. నా కాయితాలు ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని విన్నాను. ప్రేమ, వాన రెండూ ఒకటేనని నేను గాలిలో కట్టిన కథని వాళ్లు నేల మీద బతుకుతున్నారు.

తమిళంలో అంతా విన్నాక గాలిమర లేచాడు. పెద్దమ్మ చెప్పింది తప్పకుండా నవల్లో చేర్చాలన్నాడు. ఇంకొకటి, కథానాయకుడు బుల్లెట్ బండి మీద రాకూడదు, పొగ వదులుతుంది, టౌన్ బస్సులో రావాలి అన్నాడు. జనమంతా అవునంటే అవునన్నారు. నాయన కూడా తల ఊపాడు. నా కథానాయకుణ్ణి నా కళ్లముందే బండి దించేశారు.

కాలేజీ వాళ్లని బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వెళ్లాను. మిగతావాళ్లు ముందు నడుస్తున్నారు. అతను నెమ్మదిగా, "కథలో ఆ అబ్బాయి నాకంటే చాలా మంచివాడు," అన్నాడు. పరీక్షలయ్యాక ఢిల్లీలో చదువుకి వెళ్తున్నానని, ఎవరికైనా మాటిచ్చి వెళ్లడం సరికాదని చెప్పాడు. అంటే అన్నీ అర్థమయ్యే ఊరుకున్నాడన్నమాట. నేను బుల్లెట్ తీసేస్తాలెండి అన్నాను. అంతకంటే మంచి మాట ఆ నిమిషానికి తట్టలేదు.

నవల మళ్లీ రాశాను, ఈసారి వాన లేకుండా, బావిలోకి తొంగి చూసే పెళ్లివారితో. అచ్చు కాలేదు గానీ, చుట్టుపక్కల ఊళ్లలో చదివితే ఆడవాళ్లు మధ్యలో ఆపి వాళ్ల కథలు చెప్పేవాళ్లు. పెద్దమ్మ కొడుక్కి చివరికి ఆండిపట్టి వైపు పిల్ల కుదిరింది. వాళ్ల బావీ ఎండిందే గనక ఎవరూ తొంగి చూడలేదు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న ఎండల్లో, కోయంబత్తూరులో మా ఇంటికి కాలేజీ పిల్లలిద్దరు వచ్చారు, వీధిలో చెట్లు కొట్టొద్దని సంతకాలు అడుగుతూ. అబ్బాయి గడగడా చెప్పుకుపోతున్నాడు. సంతకాల అట్ట పట్టుకున్న అమ్మాయి చెట్లనీ చూడలేదు, నన్నూ చూడలేదు. సంతకం పెట్టి, ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను. ఆ పిల్లకి ఏదో చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఆ కళ్లలో వెలుగు చూశాక చెప్పబుద్ధి కాలేదు. ఇంకో గ్లాసు మజ్జిగ పోసి, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా గడపలో నిలబడి చూశాను.